నలభై నాలుగు పాయింట్ల తేడా

“అంటే, ఎవరు గెలుస్తారన్నది కాదన్నమాట పందెం?” అని రెండోసారి అడిగింది భ్రమరాంబ.

కేశవరావు ఓపికగా నవ్వాడు. స్కోర్‌మేధ డాట్‌కామ్ అనే కంపెనీకి అతనే యజమాని. సింగపూర్ సైన్స్ పార్క్‌లో మూడో అంతస్తు మొత్తం వాళ్ళదే. నలభై రెండేళ్ళ మనిషి. పొందికైన మాట, ఇస్త్రీ చెదరని చొక్కా.

“గెలుపు అందరికీ తెలిసిందే మేడమ్. హార్విక్ యూనివర్సిటీ జట్టు ఏనుగు, డన్‌మోర్ కాలేజీ జట్టు ఎలక. వచ్చే శనివారం అమెరికాలో వీళ్ళిద్దరికీ మ్యాచ్. హార్విక్ గెలుస్తుందని చిన్నపిల్లాడైనా చెబుతాడు. ఎంత తేడాతో గెలుస్తుంది? అదీ క్వశ్చన్. ఆ తేడా అంకె మా వెబ్‌సైట్ ప్రకటిస్తుంది. ఫ్యాన్స్ అందులోని మెసేజ్ బోర్డు మీద చేరి, ఆ అంకె ఎక్కువనో తక్కువనో వారమంతా కొట్టుకు చస్తారు.”

“ఈ వారం అంకె?”

“నలభై నాలుగు.”

“చాలా ఎక్కువేమో కదండీ?”

“ఎక్కువే. అందుకే గొడవ. గొడవ ఉంటేనే జనం వస్తారు, జనం ఉంటేనే కంపెనీ. ఇప్పుడు నడుస్తున్న ట్రెండ్ అదే కదా! వచ్చే నెల మా షేర్లు మార్కెట్‌కి వెళ్తున్నాయి.”

భ్రమరాంబ చిన్న డైరీలో ‘44’ అని రాసుకుని చుట్టూ సున్నా చుట్టింది. బంతాట గురించి ఆమెకు తెలిసింది శూన్యం. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతిని చంకలో పెట్టుకుని పరుగెత్తేదాన్ని ఫుట్‌బాల్ అంటారని ఇవాళే తెలిసింది. ఆమెకు తెలిసిందల్లా మనుషులు పడిపోవడం గురించి. సింగపూర్‌లో ఇరవై ఏళ్ళు ఇన్సూరెన్స్ క్లెయిములు తవ్వింది. మెట్ల మీంచి జారిపడ్డవాళ్ళ ఫైళ్ళే నూటికి పైగా చూసింది. మూడేళ్ళ కింద ఆ ఉద్యోగం మానేసి, సొంతంగా డిటెక్టివ్ లైసెన్సు తీసుకుంది.

నిన్న, ఆదివారం మధ్యాహ్నం, ఈ ఆఫీసు వెనక మెట్ల మీంచి శ్రీనాథ్ అనే ప్రోగ్రామర్ పడ్డాడు. తలకు దెబ్బ తగిలి స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. అతని భార్య ఉమ రాత్రే భ్రమరాంబకు ఫోన్ చేసింది. “మా ఆయన పిల్లిలా నడుస్తారు ఆంటీ. తడబడి పడే మనిషి కాదు” అని ఏడ్చింది.

“శ్రీనాథూ మీరూ ఒకే చోట చదివారు కదండీ?” అంది భ్రమరాంబ.

“ఇద్దరం హార్విక్‌లోనే ఎమ్మెస్. నాకు తమ్ముడిలాంటివాడు. నేను నిన్న పన్నెండూ యాభైకి ఆఫీసు నుంచి బయల్దేరాను. టాక్సీలో చోవా చూ కాంగ్‌లో మా ఫ్లాట్‌కి ఒకటీ ఇరవైకల్లా చేరాను. ఒకటీ నలభైకి ఇంటి కంప్యూటర్ నుంచి బోర్డు మీద మెసేజ్ పెట్టాను. మా ఇంటి ఫోన్ లైన్ నుంచే వెళ్ళిందని ఇక్కడ సెక్యూరిటీ చూసే గంగాధర్ చెక్ చేశాడు కూడా. ఒకటీ యాభై దాటాక శ్రీనాథ్ పడిపోయాడంటూ ఫోన్... నేనేం చెయ్యగలను మేడమ్, ఊరి ఆ చివర ఉన్నాను.”

“ఆ ఫోన్ మీ ఇంటికే వచ్చిందాండీ?”

“లేదు. హ్యాండ్‌ఫోన్‌కి.”

ఆమె అది కూడా రాసుకుంది. హ్యాండ్‌ఫోన్ అయితే మనిషి ఎక్కడున్నా మోగుతుంది.

“ఒక్క ప్రశ్న. ఈ తేడా అంకె నిన్న ఎన్నిసార్లు మారింది?”

“ఒక్కసారే. ముందు నలభై ఒకటి పెట్టాం. ఫ్యాన్స్ ఓట్లను బట్టి నలభై నాలుగు అయింది. మారగానే వెబ్‌సైటే బోర్డు మీద ఆ ముక్క వేస్తుంది.” అతను వాచీ చూసుకున్నాడు. “ఇంకేమైనా ఉంటే గంగాధర్‌ని అడగండి.”

* * *

వెనక మెట్ల తలుపు ఆఫీసు కార్డు గీస్తేనే తెరుచుకుంటుంది. నిన్న ఒకటీ ముప్ఫై ఆరుకి అది శ్రీనాథ్ కార్డుతో తెరుచుకుంది. అతని వెంట ఇంకెవరైనా వచ్చారో లేదో కార్డు చెప్పదు.

తలుపు దాటి నిలబడి భ్రమరాంబ కిందికి చూసింది. పదకొండు మెట్లు, తర్వాత నలుచదరపు చిన్న చప్టా. ఆ చప్టా మీద ఎండిపోయిన పచ్చ రంగు మడుగు. పక్కన పసుపు టేపు. అక్కడ గోడకు ఆనుకుని, నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు పెయింటర్ దానయ్య. కరీంనగర్ దగ్గరి పల్లెవాడు. వర్క్ పర్మిట్ మీద వచ్చి నాలుగేళ్ళయింది. రంగు డబ్బా మెట్ల మీద వదిలేసింది అతనేననీ, అది తగిలే శ్రీనాథ్ పడ్డాడనీ కంపెనీ అంటోంది. పర్మిట్ రద్దు చేయించి, ఈ సాయంత్రం ఏడింటి విమానానికి అతన్ని ఇంటికి పంపించేస్తున్నారు.

“నేనేం జెయ్యలే మేడం” అన్నాడు దానయ్య, ఆమె అడగకముందే. “ఒంటిగంటకు తిననీకి పోయిన. డబ్బా మూత పెట్టి గ్రౌండ్ ఫ్లోర్ల మెట్ల కింద పెట్టిన. మా అమ్మ మీద ఒట్టు. వచ్చేసరికి సారు గీడ పడున్నడు, డబ్బా పక్కన బోర్లా ఉంది.”

“ఎన్నింటికి వచ్చావు?”

“ఒకటీ యాభై. నేనే కిందికురికి సెక్యూరిటీకి జెప్పిన.”

“ఆయన్ని ఎత్తింది ఎవరు?”

“అంబులెన్సోళ్ళు. నేను కాళ్ళ దిక్కు పట్టిన.”

“అప్పుడు ఆయన కింద ఏం కనిపించింది దానయ్యా? బాగా గుర్తు తెచ్చుకో.”

దానయ్య తల ఎత్తి మొదటిసారి ఆమె ముఖం చూశాడు. “ఏం లేదు మేడం. గచ్చే. సుట్టూత రంగు, సారు కింద మాత్రం తెల్లగ గచ్చు.”

భ్రమరాంబ మెట్లు దిగి, చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని చప్టా మీద గొంతు కూర్చుంది. అతను చెప్పింది నిజం. పచ్చ రంగు మధ్యలో ఒక మనిషి ఆకారం. భుజం, నడుము, మడిచిన మోకాలు. ఆ ఆకారం లోపల ఒక్క చుక్క లేదు. శ్రీనాథ్ పడ్డ చోటు శ్రీనాథ్ లేకుండా అక్కడే ఉంది.

ఆమె వెనక్కి తిరిగి ఒక్కొక్క మెట్టే తడుముతూ పైకెక్కింది. చప్టాకి దగ్గరగా ఉన్న రెండు మెట్ల మీదే చిందులున్నాయి. పై తొమ్మిదింటి మీదా ఒక్క చుక్క లేదు. పై మెట్టు మీద డబ్బా తగిలి బోల్తాపడితే రంగు అక్కడ మొదలవ్వాలి. మనిషి పడ్డాకే, అతని చుట్టూ, ఎవరో కూర్చుని ఒంపినట్టుంది ఇది.

“ఏం భ్రమరాంబా, ఇన్సూరెన్స్ బుద్ధి ఇంకా పోలేదే నీకు!”

పై తలుపులో గంగాధర్ నిలబడి ఉన్నాడు. కడప మనిషి. ఇద్దరూ ఒకే ఇన్సూరెన్స్ ఆఫీసులో ఆరేళ్ళు ఎదురెదురు బల్లల మీద పనిచేశారు. ఒకరి ఫైలు ఒకరు తప్పుపట్టడం అప్పటి నుంచీ అలవాటు. ఇప్పుడు అతను ఈ భవనంలో నాలుగు కంపెనీలకు సెక్యూరిటీ సలహాదారు.

“నీ రిపోర్టులో ఈ గచ్చు సంగతి రాశావా?” అంది ఆమె, లేవకుండానే.

“ఏముంది రాసేకి? డబ్బా తగిలె, పడె. ఆయనతో పాటు డబ్బా కూడా దొర్లె. కిందికొచ్చి ఒలికె.”

“మూత తీసున్న డబ్బా తొమ్మిది మెట్లు దొర్లి, తొమ్మిదింట్లో ఒక్కదాని మీదా చుక్క పడకుండా, కిందికొచ్చి బుద్ధిగా ఒలికిందా? నీ బంధువా ఆ డబ్బా?”

గంగాధర్ మొహం గంటు పెట్టుకున్నాడు. అతనూ మెట్లు చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు.

“సరే, తోసినారే అనుకుందాం. ఎవరు? నిన్న ఆదివారం. ఆఫీసుకొచ్చింది ఇద్దరే, కేశవరావు సారు, శ్రీనాథు. ఒకటీ ముప్ఫై ఆరుకి తలుపు తీసినారు. ఒకటీ నలభైకి కేశవరావు సారు చోవా చూ కాంగ్‌లో కంప్యూటర్ ముందర కూర్చోనుండాడు. నాలుగు నిమిషాల్లో ఆయన ఎగిరిపోయినాడా?” చేతిలోని కాగితం ఆమె ముందుకు విసిరినట్టే ఇచ్చాడు. “చూసుకో. బోర్డు మీద రాతలన్నీ టైము ప్రకారం టైపు చేయించినా. అమెరికా టైము. మనకి, వాళ్ళకి సరిగ్గా పన్నెండు గంటలు. వాళ్ళ అర్ధరాత్రి ఒకటీ నలభై అంటే మన మధ్యాహ్నం ఒకటీ నలభై. అంకె మార్చే పనే లేదు. రేపు పొద్దున పోలీసులకి రిపోర్టు ఇస్తాండా. నీకేమైనా ఉంటే ఈ సాయంత్రం లోపల చెప్పు. లేకుంటే దానయ్యని ఏడింటికి విమానం ఎక్కిస్తాం.”

“వాడు వెళ్ళిపోతే గచ్చు సంగతి చెప్పేవాడుండడు.”

“అది నా కష్టం కాదు.”

దానయ్య ఇద్దరి మాటలూ వింటూ చేతిలోని టోపీని మెలిపెడుతున్నాడు. “మేడం” అన్నాడు చిన్నగా, “నన్ను దొంగలెక్క పంపుతున్నరు. ఊళ్ళె ఏమని జెప్పాలె?”

భ్రమరాంబ ఆ కాగితం పట్టుకుని మెట్లు దిగింది.

* * *

కింద క్యాంటీన్‌లో చల్లారిపోతున్న టీ ముందు కూర్చుని ఆ కాగితం చదివింది. ఆరే ఆరు ముక్కలు. ఒకటీ ఐదుకి వెబ్‌సైట్ తనంతట తానే వేసిన ముక్క: తేడా అంకె ఇప్పుడు 44. ఒకటీ పన్నెండుకి ఒహాయో నుంచి ఎవరో అభిమాని: నలభై ఒకటా? డన్‌మోర్ పిల్లలకి అమ్మానాన్నలు లేరనుకున్నారా? ఒకటీ ఇరవై రెండుకి ఇంకొకడు: నలభై నాలుగు! మతిపోయిందా మీకు?

ఒకటీ ముప్ఫై ఒకటికి శ్రీనాథ్ రాసింది కాస్త పొడుగ్గా ఉంది. ‘ఈ 41 మా ప్రోగ్రామ్ ఇచ్చిన అంకె కాదు. ప్రోగ్రామ్ రాసింది నేను. అది ఇచ్చిన అంకె 19. చేత్తో మార్చింది ఎవరో నాకు తెలుసు. ముందు ఆయనతో మాట్లాడి, అసలు లెక్క ఈ రోజే ఇక్కడ పెడతాను.’

ఒకటీ నలభైకి కేశవరావు: ‘44 న్యాయమైన అంకె. హార్విక్ మీద నమ్మకం ఉంచండి.’ ఒకటీ యాభై రెండుకి మళ్ళీ ఆ ఒహాయో అభిమాని: ‘శ్రీ, 41 తప్పంటివి, ఎక్కడికి పోయావు?’

భ్రమరాంబ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది. శ్రీనాథ్‌కి తెలిసిన ‘ఆయన’ ఎవరో ఊహించడం కష్టం కాదు. పంతొమ్మిదికి గొడవ రాదు, జనం రారు. నలభై దాటితే లోకమంతా వచ్చి తిట్టిపోస్తుంది. ఆ జనాన్ని చూపించే కదా కంపెనీ షేర్లు అమ్మబోతున్నారు! అసలు లెక్క బయటపడితే అదంతా గాలిబుడగ. కారణం దొరికింది. మనిషి మాత్రం చోవా చూ కాంగ్‌లో ఉన్నాడు.

పోనీ, అదలా ఉంచితే ఈ అంకెల చిందులేమిటి? ఒకటీ ఐదుకి నలభై నాలుగు. పన్నెండుకి నలభై ఒకటి. ఇరవై రెండుకి మళ్ళీ నలభై నాలుగు. ముప్ఫై ఒకటికి నలభై ఒకటి. నలభైకి నలభై నాలుగు. యాభై రెండుకి నలభై ఒకటి. ఒకే గంటలో అంకె కప్పలాగా ఎగిరి దూకుతోంది. అంకె మారింది ఒక్కసారేనని కేశవరావు తన నోటితోనే చెప్పాడు.

వీళ్ళందరికీ కళ్ళు కనిపించవా? లేక ఈ ఆటే ఇంతా? ఆమెకు నిజంగా అర్థం కాలేదు. టీ కప్పు కింద తడిసిన కాగితాన్ని తీసి ఆరబెడుతూ ఆలోచించింది. ‘టైము ప్రకారం టైపు చేయించినా’ అన్నాడు గంగాధర్. ఎందుకు చేయించాడు? మొదట అవి టైము ప్రకారం లేవా?

అక్కడి నుంచే హ్యాండ్‌ఫోన్‌లో గంగాధర్‌కి ఫోన్ చేసింది. “అసలు బోర్డు మీద ఈ ఆరూ ఏ వరసలో ఉన్నాయి?”

“దేవుడికెరుక. వాళ్ళ మిషనుకి పిచ్చి పట్టినట్టుంది. పన్నెండు, ముప్ఫై ఒకటి, యాభై రెండు. దాని కింద మళ్ళీ ఐదు, ఇరవై రెండు, నలభై. గజిబిజిగా ఉంటే నేనే సరిచేసినా.”

“సరిచేశావా, చెడగొట్టావా?”

ఫోన్ పెట్టేసి వాచీ చూసింది. సాయంత్రం సరిగ్గా నాలుగు. ఆ ఆరు టైములూ అమెరికావి. అమెరికా టైము పన్నెండు గంటల తేడా అని చెప్పింది గంగాధర్. గంగాధర్ చెప్పింది చెప్పినట్టు నమ్మిన పాపానికి పాత ఆఫీసులో రెండుసార్లు చీవాట్లు తింది. అంతర్జాతీయ కాల్స్ చూసే టెలిఫోన్ ఆపరేటర్ నంబరు నొక్కింది.

“న్యూయార్క్‌లో ఇప్పుడు టైమెంతమ్మా?”

“త్రీ ఏయెమ్, మేడమ్.”

“మూడా? నాలుగు కాదూ?”

“మొన్నటిదాకా అయితే ఫోర్, మేడమ్. నిన్న క్లాక్స్ మార్చారు కదా. ప్రతి ఏడూ అక్టోబరు ఆఖరి ఆదివారం, అక్కడ తెల్లవారుజామున రెండయ్యేసరికి గంట వెనక్కి తిప్పి మళ్ళీ ఒకటి చేస్తారు. ఇప్పుడు మనకీ వాళ్ళకీ థర్టీన్ అవర్స్.”

భ్రమరాంబ ఫోన్ బల్ల మీద పెట్టి కాగితం దగ్గరికి లాక్కుంది. ఆపరేటర్ ‘హలో, హలో’ అని పెట్టేసింది.

రెండయ్యేసరికి మళ్ళీ ఒకటి! అంటే ఆ రాత్రి అమెరికాలో ఒంటిగంట రెండుసార్లు కొట్టింది. ఒకటీ నలభై కూడా రెండుసార్లు వచ్చింది.

కాగితాన్ని ఆరు ముక్కలుగా చించింది. నలభై ఒకటి అన్నవన్నీ ఎడమవైపు పెట్టింది: పన్నెండు, ముప్ఫై ఒకటి, యాభై రెండు. నలభై నాలుగు అన్నవన్నీ కుడివైపు: ఐదు, ఇరవై రెండు, నలభై. ఎగిరే కప్ప టక్కున కూర్చుంది. ఎడమవైపువి మొదటి ఒంటిగంటలో రాసినవి. కుడివైపువి గడియారం వెనక్కి తిప్పాక, రెండో ఒంటిగంటలో రాసినవి. సింగపూర్‌లో అప్పటికి రెండు దాటింది. అంకె నలభై నాలుగు అయిందే ఇక్కడి రెండూ ఐదుకి. కేశవరావు ఆ మెసేజ్ పెట్టింది మధ్యాహ్నం ఒకటీ నలభైకి కాదు, రెండూ నలభైకి. మనిషిని తోసి, రంగు ఒంపి, టాక్సీ ఎక్కి, ఇంటికి చేరి, మొహం కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చోవడానికి గంట చాలా ఎక్కువ.

* * *

గంగాధర్ ఆమె మాట మధ్యలో అడ్డురాకుండా వినడం అదే మొదటిసారి. బల్ల మీద రెండు వరసల్లో పేర్చిన కాగితం ముక్కల్ని ఒక్కొక్కటే చదివాడు. ఎడమవైపు ఆఖరి ముక్క మీద వేలు పెట్టాడు.

“వరస గజిబిజి కాదు. వరసే నిజం. నేను...” ఫోన్ తీసి పెయింటింగ్ కాంట్రాక్టరు మనిషితో గట్టిగా అన్నాడు, “దానయ్యని యాడికీ పంపొద్దు. నేను చెప్పేదాకా వాడు నీ పక్కనే ఉండల్ల. వాడు సాక్షి.”

తర్వాత కేశవరావు గదికి చేశాడు. రిసెప్షన్ అమ్మాయి ఎత్తింది. సారు అరగంట కింద బయటికి వెళ్ళారట. ఎవరి దగ్గర్నుంచో ఫోన్ వచ్చిందట, మాట్లాడుతూనే లేచి వెళ్ళిపోయారట.

ఆ ఫోన్ ఆసుపత్రి నుంచేమోనని భ్రమరాంబ ఉమ నంబరుకి చేసింది. నాలుగు రింగులకు ఎత్తింది ఉమ. వెనక ప్లేట్ల చప్పుడు, జనం సందడి.

“ఆంటీ! మీకే చేద్దామనుకుంటున్నా. ఆయన కళ్ళు తెరిచారాంటీ! నా పేరు పిలిచారు. మాట నెమ్మదిగా ఉంది కానీ అన్నీ గుర్తున్నాయంటున్నారు.”

“ఎంతసేపయిందమ్మా?”

“ముప్పావుగంట అయుంటుంది. ఆ టెన్షన్‌లో ఫస్ట్ కేశవరావు గారికే చెప్పేశాను. పాపం, ఆయన వెంటనే పరుగెత్తుకొచ్చారు.”

“ఇప్పుడెక్కడున్నారాయన?”

“పైన వార్డులోనే, మా ఆయన దగ్గర. రాత్రి నుంచీ ఏమీ తినలేదు కదమ్మా, కిందికెళ్ళి కడుపునిండా మకాన్ చేసి రా, నేను కూర్చుంటానన్నారు. ఆఫీసు పాస్‌వర్డులేవో అడగాలట, కాసేపు ఎవరూ లోపలికి రావొద్దని నర్సుకి కూడా చెప్పి...” ఉమ గొంతు ఆగింది. “ఆంటీ? ఏమైందాంటీ?”

“ఉమా, ప్లేటు వదిలెయ్. పైకి పరుగెత్తు. నర్సుల్ని కేకలేస్తూ పరుగెత్తు. మీ ఆయన్ని తోసింది కేశవరావే!”

ఏదో పగిలిన చప్పుడు. తర్వాత చెప్పుల టపటపలు, ఉమ ఆయాసం, “సిస్టర్! సిస్టర్!” అన్న అరుపు. గంగాధర్ అప్పటికే ఆసుపత్రి సెక్యూరిటీ నంబరు ఒక చేత్తో నొక్కుతూ, రెండో చేత్తో కారు తాళాలు అందుకున్నాడు. “పద, పది నిమిషాల దూరం. దారిలో పోలీసులకి నువ్వు చెప్పు” అని తలుపు తోసుకుని ముందు పరుగెత్తాడు.

ఫోన్ చెవికి నొక్కి పట్టుకుని అతని వెనకే పరుగెత్తింది భ్రమరాంబ. ఫోన్‌లో ఆసుపత్రి లిఫ్టు గంట వినిపించింది. ఉమ ఏడుపు గొంతుతో ఏడో అంతస్తు అని ఎవరికో చెబుతోంది. లిఫ్టు తలుపులు మూసుకున్న చప్పుడు. ఆ తర్వాత లైను తెగి, ఫోన్‌లో ఏ చప్పుడూ లేదు.